పైనుంచి ఆరో మెట్టు

అవతలి గట్టున బల్లకట్టు కదిలిందన్న కబురు నాకు మొదట తెచ్చింది రేవులో పూలమ్మే ఆవిడ. మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. నేను గేజి గదిలో రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, నెత్తిమీది బుట్ట కూడా దించకుండా, "గేజమ్మా, బల్లకట్టు వస్తంది. ఆపమని చెప్పలా నువ్వు?" అని అడిగింది.

ఊళ్ళో అందరికీ నేను గేజమ్మనే. ఏట్లో నీళ్ళు ఏ మట్టానికి వచ్చాయో గంటగంటకీ చూసి, ఆఫీసుకి ఫోన్లో చెప్పి, రిజిస్టర్లో రాయడం నా ఉద్యోగం.

"రాదు. గంట కిందటే చెప్పాను," అన్నాను, రాస్తున్న అంకె మీదనుంచి తల ఎత్తకుండానే.

"నువ్వు చెప్పావేమో. అది మాత్రం వస్తంది," అంది ఆవిడ.

లేచి బయటికొచ్చి చూశాను. నిజమే. బల్లకట్టు అవతలి గట్టుని వదిలేసింది. చెక్కల మీద కూర్చున్న ఆడవాళ్ళ చీరల రంగులు ఇక్కడికి కనపడుతున్నాయి. నా కింద మెట్ల మీద ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి.

ఇది నేను గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. రిటైరయ్యాక నా దగ్గరికి వచ్చే పిల్లలు, ఇలాంటి చిన్న ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు, "మీ సర్వీసులో మర్చిపోలేనిది చెప్పండి" అని అడుగుతుంటారు. మర్చిపోలేనిది ఇదొక్కటే. మర్చిపోవాలని ప్రయత్నించింది కూడా ఇదొక్కటే.

మా ఊరు ఒకప్పటి గుంటూరు జిల్లా చివర, కృష్ణ ఒడ్డున ఉంది. పాత ఊరు. రాజుల కాలంలో ఇక్కడ ఏరు దాటేవాళ్ళ దగ్గర సుంకం తీసుకునేవారట. ఆ సంగతి చెక్కిన రాయి రేవు పక్కన ఇప్పటికీ ఉంది, దాని మీద మావాళ్ళు బట్టలు ఉతుకుతారు. రాజులతో పాటు ఆ సరిహద్దూ పోయింది. మొన్న రాష్ట్రం రెండయ్యాక మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఏటికి ఇవతల ఒక ప్రభుత్వం, అవతల ఒక ప్రభుత్వం. మా వైపు పత్తి, మిర్చి. వాళ్ళ వైపు తాటితోపులు, ఈమధ్య కొన్నేళ్ళుగా ద్రాక్ష పందిళ్ళు. ఆ ద్రాక్ష తినేది కాదు, సారా కంపెనీ వాళ్ళు వైను కోసం వేయించింది. మా ఊళ్ళో వైన్స్ అంటే సెంటర్లో ఉండే షాపు. అది తోటలో కాస్తుందని తెలిసినప్పుడు కొంతమంది మగవాళ్ళు ప్రత్యేకంగా ఏరు దాటి వెళ్ళి చూసొచ్చారు. పుల్లగా ఉన్నాయని తిట్టుకుంటూ తిరిగొచ్చారు.

పూలావిడ నన్ను ఆటపట్టించేది. "మీ మతంలో దాన్ని ముట్టుకోగూడదంటగా, మరి ఆ పందిళ్ళ వైపు చూస్తే పాపం తగల్దా?" అనేది. చూస్తే తగలదు, ద్రాక్షపళ్ళు నేనూ తింటాను అనేదాన్ని.

దసరా దాటాక ఆ తీగల కత్తిరింపు మొదలవుతుంది. దానికి చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు కావాలి. మా ఊరి మిర్చి కూలీల ముఠా ఒకటి పొద్దున్నే బల్లకట్టు మీద వెళ్ళి, సాయంత్రం అదే బల్లకట్టు మీద వచ్చేది. బల్లకట్టు అంటే రెండు పెద్ద పడవల్ని జోడించి, పైన చెక్కలు పరిచి, ఇంజనుతో నడిపేది. లారీలు కూడా ఎక్కుతాయి. వంతెన మీదుగా పోవాలంటే చాలా చుట్టు.

ఇక నా సంగతి. మేము దూదేకులవాళ్ళం. మా తాతలు దూది ఏకి పరుపులు కుట్టారు. ఇంట్లో మాట తెలుగే. నాన్న మాత్రం గేజి రీడరుగా చేరాడు. నన్ను బడికి పంపలేదు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆడపిల్లల్ని పంపే అలవాటు లేదు. నాయనమ్మ కురాను చదవడం నేర్పితే, నాన్న ఈ గేజి గది గోడమీద సుద్దముక్కతో అక్షరాలు నేర్పాడు. అంకెలు ఏట్లో పాతిన పలకల మీద నేర్చుకున్నాను. తర్వాత ప్రైవేటుగా పరీక్ష రాశాను. నాన్న సర్వీసులో ఉండగానే పోతే, ఆయన కుర్చీ నాకిచ్చారు. ఆడమనిషి, అందులోనూ బడి మొహం చూడనిది, వరదల్లో ఏం చేస్తుందని అడిగినవాళ్ళున్నారు. ఇచ్చిన ఆఫీసరు గారికి, ఇప్పించిన అల్లాకి ఈరోజుకీ నేను రుణపడే ఉన్నాను.

నాన్న నాకు పెట్టిన నియమాలు రెండు. ఒకటి, మనది చదివే పని, హుకుం చేసే పని కాదు. ఎంత ఉందో చెప్పు, ఏం చెయ్యాలో వాళ్ళు చూసుకుంటారు. రెండోది, మెట్టు చెప్పేటప్పుడు 'పైనుంచి' అని తప్పకుండా చెప్పు.

ఈ రెండోది కొంచెం వివరించాలి. ఏట్లో పాతిన పలకల మీద మీటర్లలో గీతలుంటాయి. ఆఫీసుకి ఆ లెక్కే కావాలి. కానీ ఊరికి, పడవలవాళ్ళకి మీటర్లు పట్టవు. వాళ్ళకి మెట్లు కావాలి. మా రేవు మెట్లు ఎప్పుడో కట్టినవి. కింద ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్ళెవరూ లేరు, ఒండ్రులో కూరుకుపోయాయి. అందుకని మావాళ్ళు పైనుంచి లెక్కపెడతారు. ఆరో మెట్టుకి నీళ్ళొచ్చాయంటే ఇంక పైన అయిదే పొడిగా ఉన్నాయని అర్థం. అక్కడికొస్తే బల్లకట్టు కట్టెయ్యాలి. అవతలి గట్టువాళ్ళ మెట్లు మొన్నటి పుష్కరాలకి కట్టినవి. ఇరవై నాలుగు. ఎండాకాలం అడుగు మెట్టు దాకా కనపడతాయి. వాళ్ళు కిందినుంచి లెక్కపెడతారు.

పాతికేళ్ళు బల్లకట్టు నడిపింది మా వైపు సరంగే. రెండు లెక్కలూ ఆయనకి కంఠతా వచ్చు. నేను 'ఆరో మెట్టు' అంటే చాలు, మిగతాది ఆయనే చూసుకునేవాడు. అలా అలా నా నోట్లోంచి 'పైనుంచి' అన్న మాట ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు. ఎవరికీ లోటు కనపడలేదు. రాష్ట్రాలు రెండయ్యాక బల్లకట్టు వేలంపాట ఒక ఏడు మా వైపు, ఒక ఏడు వాళ్ళ వైపు పాడుకోవడం మొదలైంది. ఆ ఏడు వాళ్ళది. కొత్త కాంట్రాక్టరు కొత్త డ్రైవరుని పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, ఎక్కడో పైన జలాశయంలో లాంచీ నడిపినవాడు. వచ్చి నెల కూడా కాలేదు.

ఆరోజు పొద్దున నీళ్ళు పదో మెట్టు మీద ఉన్నాయి. వారం నుంచి అక్కడే ఉంటున్నాయి కాబట్టి బల్లకట్టు తిరుగుతూనే ఉంది. కూలీలు వెళ్ళిపోయారు. పది గంటలకి ఆఫీసు నుంచి పై డ్యాం గేట్లు ఇంకొన్ని ఎత్తారని ఫోను వచ్చింది. అక్కణ్ణుంచి మొదలైంది. పదకొండుకి తొమ్మిదో మెట్టు, పన్నెండుకి ఎనిమిది దాటింది. ఒంటిగంటకి చూస్తే ఆరో మెట్టు మీద నురగ ఆడుతోంది.

గబగబా పైకొచ్చి డ్రైవరుకి ఫోన్ చేశాను. "గేజి గది నుంచి. ఆరో మెట్టుకొచ్చింది," అన్నాను.

"ఆరో మెట్టా? సరేనమ్మా. ఇంకా బోలెడుంది," అన్నాడు.

ఆ 'బోలెడు' నా చెవిన పడింది. చెవిలో గులకరాయి పడ్డట్టే పడింది. ఏమిటి బోలెడు అని అడగాల్సింది. అంతలో బల్లమీది ఆఫీసు ఫోను మోగింది. ఇంకా బోలెడు పొద్దుంది, నింపాదిగా కట్టేస్తాను అంటున్నాడేమోలే అనుకున్నాను. ఆపెయ్యి అన్న ఒక్క మాట అనొచ్చు. అది చదివే పని కాదుగా. పైగా అది వేరే రాష్ట్రం, నేనెవర్ని ఆపమనడానికి. ఇటు ఫోను పెట్టేసి అటు ఫోను తీశాను.

నది ఒకటే అయినా నీళ్ళు రెండు గట్లకీ ఒకలాగ కనపడవు. వాళ్ళ వైపు పల్లం. నీళ్ళు పొలాల్లోకి పరుచుకుంటాయి, పెరిగినట్టు తెలియదు. మా వైపు లోతు. వడి అంతా మా మెట్లనే ఒరుసుకుంటూ పోతుంది. దిగే చోట ఎలా ఉందో అతనికి తెలియాలంటే నేను చెప్పిన మాట తప్ప వేరే దారి లేదు.

అలా పూలావిడ వచ్చి చెప్పేసరికి రెండు దాటింది, నీళ్ళు అయిదో మెట్టు ముంచేశాయి. కూలీల పని ఆరోజు తొందరగా ముగిసిందని తర్వాత తెలిసింది. నేను డ్రైవరుకి ఫోన్ చేస్తే మోగుతోంది కానీ తియ్యడు. ముఠా మేస్త్రి నంబరు నా దగ్గరుంది. నీళ్ళెలా ఉన్నాయని రోజూ పొద్దున్నే నన్ను అడిగే మనిషి. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. ఆవిడకి చేశాను.

"డ్రైవరుకి ఫోనివ్వు మేస్త్రమ్మా."

"ఇంజను మోతలో ఆయనకేం ఇనపడుద్ది? నాకు చెప్పు, నేనరుస్తా."

"ఆరో మెట్టని చెప్పానుగా. ఎందుకు బయల్దేరాడో అడుగు."

ఆవిడ అరవడం, అతనేదో బదులు చెప్పడం వినపడింది. మళ్ళీ ఆవిడ గొంతు. "ఆరో మెట్టేగా, ఇంకా పద్దెనిమిది మెట్లు పొడిగా ఉన్నయ్యిగా, అందుకే వచ్చా అంటన్నాడు."

పద్దెనిమిది. ఇరవై నాలుగులో ఆరు తీసేస్తే పద్దెనిమిది. నాన్న గోడమీద నేర్పిన తీసివేతే. పొద్దున పదన్నాను, ఇప్పుడు ఆరన్నాను, కిందినుంచి లెక్కపెట్టేవాడికి నీళ్ళు తగ్గినట్టే.

ఎదురుగా మెట్ల అంచున నీళ్ళు బండరాళ్ళకి కొట్టుకుని వెనక్కి విరుగుతున్నాయి. బల్లకట్టు ఇక్కడికొస్తే రాయికి తగిలి పగులుతుంది. వెనక్కి తిప్పుదామంటే అప్పటికే సగం ఏరు దాటింది, ఆ వడిని ఇంజను తట్టుకోలేదు. పక్కన పూలావిడ ఇందాకటినుంచీ కదలకుండా నిలబడి ఉంది.

"మా పిల్ల కూడా దాంట్లోనే ఉంది," అంది మెల్లిగా.

నాకు కబురు తెచ్చినప్పుడు ఆ మాట చెప్పలేదు. ఆవిడ మొహంలోకి నేను చూడలేకపోయాను.

రేవుకి దిగువన, రెండు ఫర్లాంగుల దూరంలో, పాత కోట బురుజొకటి ఏట్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. వరదొచ్చినప్పుడల్లా నేను గమనించేది ఏమిటంటే, పైనుంచి కొట్టుకొచ్చిన దుంగలు, చచ్చిన గొడ్లు దాని వెనక చేరి ఆగిపోతాయి. అంటే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఇది రాయడానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు. ఊరికే చూసి చూసి తెలిసింది.

"మేస్త్రమ్మా, రేవుకి రావద్దను. వడికి ఎదురు పోవద్దను. కిందికి వదిలేసి బురుజు వెనక్కి తిప్పమను."

"ఏ బురుజు?"

"చచ్చిన గొడ్లు చేరతయ్యే, ఆ బురుజు."

"మమ్మల్ని కూడా వాటిల్లో కలుపుతావా ఏంది?" అంది. ఆ మాటకి అక్కడ ఎవరో ఏడుపులోనే నవ్వారు. తర్వాత మళ్ళీ అరుపులు. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. "ఈమె మాట ఇనేగా ఇందాక బయల్దేరాం, మళ్ళీ ఇనమంటావా అంటన్నాడు."

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు ఎక్కువసేపు లేదు. ఎక్కువసేపు ఉంటే ఏం చెప్పేదాన్నో కూడా తెలియదు.

"తప్పు నాదే అని చెప్పు. మా మెట్లు పైనుంచి లెక్క. ఇక్కడ నాలుగే మిగిలినయ్యి. ఆ మాట నేను చెప్పలా. ఈ ఒక్కసారి నమ్మమని చెప్పు."

తర్వాత మేస్త్రి గొంతు, నేనన్న మాటలన్నీ ఒక్కటీ వదలకుండా, అంతకి రెండింతలు గట్టిగా. బల్లకట్టు ముక్కు అలాగే మా వైపే ఉంది. నేను కురాను ఆయతులు చదువుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టానో ఎక్కడికొచ్చానో తెలియడం లేదు. పూలావిడ నా మణికట్టు పట్టుకుని రేవులోని స్వామిని పిలుచుకుంటోంది. అప్పుడు ముక్కు తిరిగింది. నెమ్మదిగా, కిందికి.

మేమిద్దరం గట్టు వెంబడి పరిగెత్తాం. ఊళ్ళోవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు మోకులతో వచ్చారు. బల్లకట్టు మా ముందునుంచే దూసుకుపోయింది. లోపల ఎవరూ అరవడం లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. బురుజు దాటీ దాటగానే అతను ఇంజను పూర్తిగా పెంచి అడ్డం తిప్పాడు. ఒక పక్క రాయికి ఒరుసుకుంది, చెక్కలు విరిగిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత అది నిలిచిన నీళ్ళల్లోకి జరిగి, దుంగల మధ్య ఊగుతూ ఆగింది.

మోకు విసిరారు. అతను దాన్ని ఇనప స్తంభానికి చుట్టి, కొసని చేత్తో బిగించి పట్టుకున్నాడు. ముడి వేసేటంత సమయం లేదు. ఆడవాళ్ళని ఒక్కొక్కర్నీ అందుకున్నారు. పూలావిడ కూతురు దిగింది. తల్లి ఆ పిల్లని ముందు ఒకటి కొట్టి, తర్వాత పట్టుకుంది. ఇంకా నలుగురు ఉన్నారనగా ఒక పెద్ద దుంగ వచ్చి తగిలింది. బల్లకట్టు గుంజుకుంది, మోకు అతని చేతిని స్తంభానికేసి నొక్కేసింది. అతను వదల్లేదు. వదిలితే ఆ నలుగురూ పోయేవాళ్ళు.

"అందరూ దిగారా?" అని మాత్రం అడిగాడు.

మేస్త్రి వేలితో లెక్కపెట్టింది. "పదిహేడు. నీతో పద్దెనిమిది. దిగు," అంది.

అతని ఎడమ చేతి రెండు వేళ్ళు పోయాయి. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

నేను ఇంటికెళ్ళి షుక్రానా నమాజు చదివాను. పదిహేడు మందికి పదిహేడు సార్లు కృతజ్ఞత చెప్పుకున్నాను. అతని సంగతి వచ్చేసరికి ఏమని అడగాలో తోచలేదు.

రెండో రోజు నుంచి విచారణ. రెండు వైపుల ఆఫీసర్లూ వచ్చారు, తప్పు ఏ గట్టుదన్నదే వాళ్ళకి పట్టింది. మా ఏఈ గారు నా కూతురి ఈడు అమ్మాయి, నన్నెంతో గౌరవంగా చూసేది. ఆవిడ నా రిజిస్టరు తీసి అందరికీ చూపించింది. ఒంటిగంటకి ఎదురుగా 'ఆరో మెట్టు' అని ఉంది. ఆ గడి పైన 'మెట్టు, పైనుంచి' అని నాన్న కాలం నుంచీ ఉన్న శీర్షిక ఉంది. ఫోన్ చేసినట్టు నా ఫోన్లో ఉంది. రీడరు సమయానికి సరైన సమాచారం ఇచ్చారు, డ్రైవరు ఖాతరు చెయ్యలేదు అని రాసుకున్నారు. నన్ను మెచ్చుకున్నారు కూడా. నేను తలదించుకుని నిలబడ్డాను. అది అణకువ అనుకున్నారు.

ఏడు రోజులు నేను నోరు విప్పలేదు. ఐదు పూటలా నమాజు చేస్తూనే ఉన్నాను, వంట వండుతూనే ఉన్నాను. రిటైర్మెంటు ఇంకా ఆరు నెలలు. మచ్చ లేని సర్వీసు. రాతలో తప్పు లేదుగా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఎనిమిదో రోజు మేస్త్రి గేజి గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కాంట్రాక్టరు డ్రైవరుని తీసేశాడని చెప్పింది. ఆసుపత్రి ఖర్చు కూడా ఇవ్వనన్నాడట, మాట వినకుండా బండి కదిపినందుకు.

"ఆరోజు ఫోన్లో తప్పు నాదే అన్నావు. ఆ మాట నీ నోటి నుంచి ఇన్నది నేను, నీ పక్కనున్న పూలామె, అంతే," అంది. "మర్చిపొమ్మంటే చెప్పు గేజమ్మా, మర్చిపోతా. నువ్వు చెప్పబట్టే బతికున్నా గదా, ఆ మాత్రం చేస్తా."

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. అందుకే తట్టుకోలేకపోయాను.

ఆవిడ ఎదురుగానే కాయితం తీసి రాశాను. నా తెలుగులో, నా దస్తూరీతో. ఏఈ గారికి తీసుకెళ్ళి ఇస్తే రెండుసార్లు చదివింది.

"రిజిస్టర్లో కరెక్టుగానే ఉందిగదండీ. ఇప్పుడెందుకివన్నీ? పెన్షన్ కాయితాలు వెళ్ళే టైము," అంది.

"రిజిస్టరు ఆయన చదవలేదు మేడమ్. ఆయన విన్నది నా నోటిమాట," అన్నాను.

ఆ అమ్మాయి పెన్ను తీసింది. కాయితం మీద సంతకం పెట్టి పైకి పంపింది. నాకు మందలింపు మెమో వచ్చింది. దాన్ని నేను దాచుకున్నాను. నా సర్వీసులో వచ్చిన కాయితాల్లో అంత నిజం రాసింది ఇంకోటి లేదు. అవతలి వైపు మాత్రం నా కాయితం చేరిందో లేదో తెలియదు. ఒక రాష్ట్రం ఆఫీసు నుంచి ఇంకో రాష్ట్రం ఆఫీసుకి పోయే దారి ఏరు దాటడమంత తేలిక కాదు. అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఇప్పుడు రెండు గట్ల మీదా పైనుంచి అంకెలు వేసి ఎర్రగీత గీశారు. అది అతని ఉద్యోగం పోయాక జరిగింది.

చలికాలంలో బస్సులో చుట్టు తిరిగి వాళ్ళ ఊరికి వెళ్ళాను. అతని భార్య మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చింది. నేనెవరో తెలిసి కూడా ఇచ్చింది. క్షమించమని అడిగితే అతను కట్టు విప్పిన చేతిని చూసుకున్నాడు.

"ఎటునుంచి ఆరు అని నేనూ అడగొచ్చుగా అమ్మా. అడగలే," అన్నాడు.

సగం తప్పు తనమీద వేసుకున్నాడు, నాకు మోయడానికి తేలిగ్గా ఉంటుందని. నేను కాదంటే వినలేదు. తర్వాత కుటుంబంతో మార్టూరు వైపు వెళ్ళిపోయాడని, రాళ్ళు పాలిష్ పట్టేచోట కాపలా ఉంటున్నాడని మేస్త్రి చెప్పింది. అంతకుమించి తెలియదు.

మా వైపు ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్పుకునేవాళ్ళు గేజమ్మ కాపాడిందంటారు. అవతలి గట్టు డ్రైవరు చెప్పిన మాట వినలేదంటారు. నేను ఎదురుగా ఉంటే సరిచేస్తాను, లేనిచోట ఆ మాటే నడుస్తోంది. అందుకని ఇది చదివినవాళ్ళని ఒక్కటి కోరుకుంటున్నాను. మీరెప్పుడైనా బల్లకట్టు మీద కృష్ణ దాటితే, వేళ్ళు నలుగుతున్నా మోకు వదలకుండా, అందరూ దిగారా అని అడిగిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. అతను విన్నాడు. నేను చెప్పింది చెప్పినట్టే విన్నాడు.